ఆవాజ్‌కి జాగా ఇవ్వండి, టికెట్ అడక్కండి

"ఆవాజ్ ఆరా క్యా? కట్ కట్ కే ఆరా... ఫిర్ సే బోలో."

మన ఇళ్లలో ఫోన్ ఎత్తితే సలామ్ తర్వాత వినిపించే మాట ఇదే. కొడుకు జిద్దాలో, అల్లుడు దమ్మామ్‌లో, చెల్లెలి కుటుంబం షికాగోలో. ఇషా అయ్యాక ఇంటిల్లిపాదీ ఒక ఫోన్ చుట్టూ చేరతారు. తెర మీద అమ్మీ ముఖం బొమ్మలా ఆగిపోతుంది. మాట సగం చేరుతుంది, సగం సముద్రంలో పడుతుంది. డాక్టర్ మాత్ర మార్చాడని చెబుతోందా, మానేయమన్నాడని చెబుతోందా? అవతలివాడికి అర్థం కాదు. వాడు "హాఁ అమ్మీ, ఠీక్ హై" అని పెట్టేస్తాడు. ఖైరియత్ అడగడానికి చేసిన ఫోన్, ఖైరియత్ తెలియకుండానే అయిపోతుంది.

ఫిర్యాదు చేస్తే నెట్ కంపెనీల దగ్గర దొరికే జవాబ్ ఒక్కటే. "ప్లాన్ పెంచుకోండి సార్. 100 ఎంబీపీఎస్ వేసుకోండి."

నేను దీన్ని ఝూట్ అనను. ఆధా సచ్ అంటాను. ఆధా సచ్‌తో వ్యాపారం బాగా సాగుతుంది కాబట్టి పూర్తి సచ్ ఎవరూ చెప్పరు. ఈ మామ్లా మీద కొంచెం హిసాబ్ వేద్దాం రండి. లెక్కలంటే భయపడే ఖాలాలు, ఫుప్పూలు కూడా చదవొచ్చు, కష్టమేమీ లేదు.

ఉర్దూ మీడియంలో మాకు రెండు మాటలు వేర్వేరుగా నేర్పారు: రఫ్తార్, తాఖీర్. ఒకటి వేగం, ఇంకొకటి ఆలస్యం. కంపెనీ అమ్మేది రఫ్తార్. అదీ వేగం కూడా కాదు నిజానికి, పైపు వెడల్పు. ఆవాజ్‌కి కావలసింది మాత్రం తాఖీర్ లేకపోవడం. ఈ రెండూ ఒకటే అని మనల్ని నమ్మించడంలోనే ఈ ధంధా అంతా ఉంది.

మీ మాటను ఫోన్ చిన్న చిన్న ముక్కలు చేస్తుంది. మామూలుగా ఒక్కో ముక్క 20 మిల్లీసెకన్ల మాట, అంటే సెకనుకు 50 ముక్కలు. ఒక్కో ముక్కకు అడ్రసు చీటీ అంటించి పంపిస్తుంది. పాతకాలం టెలిఫోన్ నాణ్యతతో పంపినా, చీటీలతో కలిపి ఇదంతా 80 కేబీపీఎస్ దాటదు. ఇప్పటి యాప్‌లు ఇంకా తక్కువతో సరిపెడతాయి. 100 ఎంబీపీఎస్ లైన్లో 80 కేబీపీఎస్ అంటే 1,250వ వంతు. ఒక వీడియో 5 ఎంబీపీఎస్ తింటోందనుకోండి, ఆ చోటులో 60 మంది ఫోన్లో మాట్లాడుకోవచ్చు. ఆవాజ్ చాలా గరీబ్ మేహ్మాన్, దస్తర్‌ఖాన్ మీద దానికి కావలసింది ఒక్క ముద్ద. కాకపోతే వేళకు పెట్టాలి. ఒకవైపు ప్రయాణం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే సంభాషణ సహజంగా సాగుతుందని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ఎప్పుడో చెప్పింది. 400 దాటితే పనికిరాదనీ చెప్పింది. సినిమా ముక్క రెండు సెకన్లు ఆలస్యమైతే కొంపేమీ మునగదు, ఫోన్ ముందుగానే కొంత నిల్వ చేసుకుంటుంది. మాట ముక్క ఆలస్యమైతే అది చచ్చిన ముక్కే. దాన్ని పారేయడం తప్ప అవతలి ఫోన్‌కి వేరే దారి లేదు.

ఇప్పుడు అసలు తమాషా చూడండి. హైదరాబాద్ నుంచి జిద్దా గాలి దారిన సుమారు 4,100 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. కేబుల్ వంకర్లు తిరిగి రెట్టింపు దూరం పోయినా 40 మిల్లీసెకన్ల పని. అంటే సముద్రం దాటడం కష్టం కాదు. కష్టమంతా మన హాల్లో, టీవీ పక్కన దీపాలు మినుకుమినుకుమంటూ కూర్చున్న డబ్బాలో ఉంది. పిల్లవాడి ఫోన్ వలీమా వీడియోలన్నీ పైకి ఎక్కిస్తోంది అనుకోండి. లైన్ పైకి పంపే సామర్థ్యం 2 ఎంబీపీఎస్. డబ్బాలో ఒక మెగాబైట్ క్యూ పట్టే గోదాము ఉంది. ఎక్కింపు ఆ గోదామును నింపేస్తుంది. అది ఖాళీ కావడానికి నాలుగు సెకన్లు. అమ్మీ మాట ఆ నాలుగు సెకన్ల క్యూ చివర నిలబడాలి. సముద్రానికి సెకనులో 25వ వంతు, హాల్లో డబ్బాకి నాలుగు సెకన్లు!

దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టి, పదిహేనేళ్ల కిందటే లోకానికి చాటినవాడు జిమ్ గెటిస్ అనే అమెరికన్ ఇంజనీర్. మెమరీ చౌకైపోయింది కదా అని తయారీదారులు డబ్బాల్లో పెద్ద పెద్ద గోదాములు పెట్టారు, ఒక్క ముక్కా పోగూడదని. ముక్కలు పోలేదు, వక్త్ పోయింది.

మరి ప్లాన్ పెంచితే? 2 ఎంబీపీఎస్ 20 అయితే నాలుగు సెకన్లు 0.4 సెకన్లు అవుతుంది. అంటే 400 మిల్లీసెకన్లు, ఐటీయూ పనికిరాదన్న గీత మీదే నిలబడ్డాం. పైగా వెడల్పు పెరిగిన కొద్దీ నింపేవాళ్లూ పెరుగుతారు. చాంద్ రాత్ నాడు టవర్ కింద నిలబడి చూడండి, ఏ ప్లాన్ ఎవరిని కాపాడుతుందో. అందుకే అంటున్నాను, ఆవాజ్‌కి కావలసింది ఇంకా పెద్ద రోడ్డు కాదు. రోడ్డు మీద దాని జాగా.

"రిజర్వేషనా?" అని కొందరు ముఖం చిట్లిస్తారు. 2007 నుంచి బీసీ-ఈ నాలుగు శాతం మీద మనం వింటున్న దలీలే ఇక్కడా వినిపిస్తుంది. అన్ని ప్యాకెట్లూ సమానం, ఎవరి తాకత్ వాళ్లది, ఎవరికీ ప్రత్యేకం వద్దు అని. వినడానికి ఇన్సాఫ్‌లాగే ఉంటుంది. కానీ క్యూలో ఎవరికి ఎంత నష్టం అన్న ప్రశ్న వేయని సమానత్వం, గోదామును నింపేవాడికే మేలు చేస్తుంది. వీడియో ఎక్కింపు ఒక నిమిషం ఆలస్యమైతే ఎవరికీ తెలియదు. ఆ నిమిషంలో అమ్మీ మాట పోతే తిరిగి రాదు. ఇద్దరినీ ఒకే వరసలో నిలబెట్టి, సమానంగా చూశాం అని చేతులు దులుపుకోవడం బేఇన్సాఫీ.

అందుకని రిజర్వేషన్ పేరుతో ఏది తెచ్చినా సరే అని కూడా అనను. దీంట్లో రకాలున్నాయి.

పాత టెలిఫోన్ రిజర్వేషన్ రైలు బెర్తు లాంటిది. మీరు మాట్లాడినా, మౌనంగా ఉన్నా ఆ 64 కేబీపీఎస్ దారి మీదే, ఇంకెవరికీ ఇవ్వరు. ఇంటర్నెట్‌లోనూ అలాంటిదే తెద్దామని 1997లో ఆర్‌ఎస్‌వీపీ అనే పద్ధతి రాశారు. కాల్ మొదలుకాకముందే దారిలోని ప్రతి రౌటర్‌నూ అడిగి చోటు పట్టుకోవాలి. ఖయాల్ మంచిదే. కానీ లక్షల కాల్స్ మోసే పెద్ద రౌటర్ ప్రతి కాల్ హిసాబూ గుర్తుపెట్టుకోవాలంటే ఎలా? ఒక కంపెనీ కోసం ఇంకో కంపెనీ ఎందుకు చోటు పట్టిపెడుతుంది? అది బయటి ఇంటర్నెట్‌లో నిలవలేదు. మరుసటి ఏడాదే, 1998లో, డిఫ్‌సర్వ్ వచ్చింది. బెర్తులు లేవు, లిఫాఫా మీద ముద్ర మాత్రమే. ఆరు బిట్ల ముద్ర. అందులో ఆవాజ్‌కి వాడే అంకె 46. ఆ ముద్ర చూస్తే రౌటర్ ముందుకు పంపాలి.

ఇది మన ఆర్టీసీ బస్సులో "స్త్రీలకు" అని రాసిన సీటు లాంటిది. ఆడవాళ్లు లేనప్పుడు ఎవరైనా కూర్చోవచ్చు, ఖాళీగా పోదు. ఎవరైనా ఖాలా ఎక్కితే లేవాలి. అంతే. దీనివల్ల బస్సు చిన్నది కాలేదు, చార్జీ పెరగలేదు.

ఇప్పుడు ఆ సీటు మీద "ఫలానా కంపెనీ ఉద్యోగినులకు మాత్రమే" అని రాస్తే ఏమంటారు? ఇవాళ మొబైల్ నెట్‌వర్క్‌లో జరుగుతున్నది అదే. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చినప్పటి నుంచి వోల్టీ అనే మాట ఇంటింటికీ తెలుసు. 4జీలో మామూలు ఫోన్ కాల్ కూడా డేటా ముక్కలుగానే పోతుంది. కానీ ఆ ముక్కలు గుంపులో పోవు. 4జీ ప్రమాణాల్లో వాటికి ప్రత్యేక తరగతి ఉంది, హామీ ఇచ్చిన వెడల్పు ఉంది, 100 మిల్లీసెకన్ల గడువు ఉంది. చూశారా? "ప్యాకెట్లన్నీ సమానం, ప్లాన్ పెంచుకోండి" అని మనకు చెప్పే కంపెనీ, తన కాల్ దగ్గరికి వచ్చేసరికి నిక్షేపంగా చోటు రిజర్వ్ చేసుకుంది. తప్పని అనను. సరైన పనే, ఆవాజ్‌ని మోయాల్సిన తరీఖా అదే. నా షికాయత్ ఏమిటంటే, అదే అమ్మీ, అదే ఫోన్, అదే టవర్. కంపెనీ మీటర్ మీద మాట్లాడితే ఆమె మాటకు సీటు, యాప్‌లో మాట్లాడితే ఫుట్‌బోర్డు.

గల్ఫ్‌కి కంపెనీ మీటర్ మీద రోజూ గంట మాట్లాడగలిగే ఇల్లు మన గల్లీలో ఎన్ని ఉన్నాయి? యాప్ కాల్ మనకు షౌక్ కాదు, మజ్బూరీ. తండ్రి జనాజాను ఫోన్ తెర మీద చూసి, అక్కడ లేబర్ క్యాంపు గదిలో గోడకు తల ఆనించి ఏడ్చిన కొడుకులు ఎంతమంది లేరు మనలో? చెవులు వినపడని పిల్లలు చేతి సైగలతో మాట్లాడుకునేది వీడియో కాల్‌లోనే, బొమ్మ ఆగితే వాళ్ల జబాన్ ఆగినట్టే. ఈ-సంజీవని మీద డాక్టర్‌ని అడుగుతున్న ముసలమ్మ ఉంది. ఇవన్నీ వక్త్ మీద నడిచే ముక్కలే. వీటిని వినోదంతో కలిపి "డేటా" అనే ఒక్క బస్తాలో కట్టేశారు.

చోటు మాట ఎత్తగానే కంపెనీలు టికెట్ పుస్తకం తీస్తాయి. అదీ మనం చూసిందే. 2014 డిసెంబర్‌లో ఎయిర్‌టెల్, ఇంటర్నెట్ కాల్స్‌కి వాడే డేటాకు వేరే చార్జీ అని ప్రకటించింది. గోల లేచింది, రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. 2015లో ట్రాయ్ అభిప్రాయాలు అడిగితే పది లక్షలకు పైగా మెయిళ్లు వెళ్లాయి. 2016 ఫిబ్రవరిలో, దేనికి వాడావన్నదాన్ని బట్టి డేటాకు వేర్వేరు ధరలు పెట్టడాన్ని ట్రాయ్ నిషేధించింది. 2018లో కేంద్రం ఇంకో మెట్టు ఎక్కి, ఆపడం, నెమ్మదింపజేయడం, ఒకరికి ఎక్కువ రఫ్తార్ ఇవ్వడం కూడదని ఒప్పుకుంది. అదే చోట, ప్రత్యేక నాణ్యత తప్పనిసరైన "స్పెషలైజ్డ్ సర్వీసుల"కు మినహాయింపు తలుపు కూడా తెరిచి ఉంచింది. రేపు 5జీ స్లైసింగ్ పేరుతో టవర్‌ను ముక్కలు చేసి, అందమైన ముక్కలను డబ్బున్నవాళ్లకు అమ్మాలనుకునేవాళ్లు వచ్చేది ఆ తలుపు గుండానే.

మన పెద్దలకు ఇది కొత్త కాదు. ట్రంక్ కాల్ జమానాలో ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని మూడు ధరలుండేవి. మయ్యత్ ఖబర్ చెప్పాలంటే లైట్నింగ్ బుక్ చేయాలి, దానికి మామూలు ధరకు ఎన్నో రెట్లు కట్టాలి. లేనివాడు టెలిఫోన్ ఎక్స్ఛేంజి బల్ల మీద పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చోవాలి. ఎవరి మాట ముందు పోవాలో జేబు నిర్ణయించిన రోజులవి.

జేబు కాదు, లైసెన్సు నిర్ణయిస్తే ఎలా ఉంటుందో యూఏఈలో ఉన్న మన పిల్లలని అడగండి. అక్కడ వాట్సాప్‌లో మెసేజ్ పోతుంది, కాల్ పోదు. ప్రభుత్వం ఒప్పుకున్న బోటిమ్ లాంటి యాప్‌లే గతి. అక్కడికి వెళ్లిన కుర్రాడు మొదటి వారం చేసే పని ఇంట్లో అబ్బా ఫోన్లో ఇంకో యాప్ ఎక్కించమని చెప్పడం. సౌదీ 2017 సెప్టెంబర్‌లో నిషేధం సడలించింది, ఎంత ఊరట కలిగిందో ఆ ఇళ్లకే తెలుసు. అందుకే నెట్ న్యూట్రాలిటీ దోస్తులు "ఒకసారి చోటు ఇవ్వడం మొదలుపెడితే ఎవరికివ్వాలో కంపెనీయే తేలుస్తుంది" అంటే నేను కొట్టిపారేయను. వాళ్ల డర్ సచ్చా. వాళ్లు చెప్పే ఇలాజ్ మాత్రం, ఎవరికీ చోటు వద్దనడం, తప్పు.

కంపెనీకి తేల్చే హక్ ఇవ్వకుండా ఆవాజ్‌కి చోటివ్వడం సాధ్యమే. ఉన్న సంగతే చెబుతున్నాను. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ కోడెల్ అనే పద్ధతి ఇచ్చారు, గోదాములో ముక్క ఎంతసేపు నిలబడిందో చూసి క్యూని అదుపులో పెట్టేది. దాన్నుంచి పుట్టిన ఎఫ్‌క్యూ-కోడెల్ 2018లో ఇంటర్నెట్ పత్రాల్లోకెక్కింది. అది ఒక్కో సంభాషణకు ఒక్కో చిన్న క్యూ పెడుతుంది, వంతులవారీగా పంపుతుంది. కొద్దికొద్దిగా వచ్చే ముక్కలను ముందు పోనిస్తుంది. ఆవాజ్ ఎప్పుడూ కొద్దికొద్దిగానే వస్తుంది కదా! ఎవరి మాట, ఏ యాప్, ఏ దేశానికి అన్న ప్రశ్నే లేదు. ఇది మనకు చిన్న విషయం కాదు. ఆవాజ్‌ని గుర్తుపట్టే వంకతో ఎవడో మన ఖత్ తెరిచి చూస్తానంటే, ఆ దావత్ మనకొద్దు. లిఫాఫా తెరవకుండానే ఈ పని అవుతుంది.

"మరి అందరూ మేమూ ఆవాజే అని దొంగ ముద్ర వేసుకుంటే?" అని అడుగుతారు. మంచి సవాల్. జవాబ్: ముందు వరసలో పోవచ్చు, కానీ అక్కడ సామాను పెంచడానికి లేదు. ఆ వరసకు హద్దు పెట్టండి, దాటిన ముక్కలు రాలిపోతాయి. సినిమా దింపుకునేవాడు ఆ వరసలో దూరితే వాడికే నష్టం. 2023లో వచ్చిన ఎల్‌ఫోర్‌ఎస్ అనే ప్రమాణమూ ఇలాంటి తరీఖాయే. క్యూ పేరగానే నెమ్మదించే మర్యాద ఎవరికుందో వాళ్లకు తక్కువ ఆలస్యపు దారి. అమెరికాలో కామ్‌కాస్ట్ 2025లో దాన్ని ఇళ్లకు ఇవ్వడం మొదలుపెట్టింది. నేనేమీ ఆ కంపెనీకి మురీద్‌ని కాదు. ఇది ల్యాబులో కల కాదు, నడుస్తున్న బండి అని చెప్పడానికే.

అందుకని మన ముతాలబా సూటిగా ఉండాలి. వోల్టీకి ఇస్తున్న ఇజ్జత్‌లో కొంతైనా, టవర్ దగ్గర అన్ని కాల్స్‌కీ ఇవ్వాలి, ఏ యాప్ అయినా. ఏది ముందు పోవాలో వాడకందారు తన ఫోన్లో చెప్పాలి, కంపెనీ కాదు. దానికి పైసా చార్జీ ఉండకూడదు, యాప్‌వాడి దగ్గరా తీసుకోకూడదు. కంపెనీ హద్దు దాటగానే 46 ముద్రను చెరిపేసే అలవాటు మానాలి, కావాలంటే హద్దు పెట్టుకోమనండి. ట్రాయ్ నాణ్యతా నిబంధనల్లో లేటెన్సీ, ప్యాకెట్ డ్రాప్ ఉన్నాయి, సంతోషం. లైన్ ఖాళీగా ఉన్నప్పటి అంకె కాదు మాకు కావలసింది, లైన్ నిండినప్పటిది. అది బిల్లు మీద అచ్చు వేయమనాలి, రఫ్తార్ అచ్చు వేసినంత పెద్ద అక్షరాల్లో.

వాళ్లు వినేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. రౌటర్ సెట్టింగుల్లో క్యూఓఎస్ అనో, ఎస్‌క్యూఎం అనో ఉంటే, ఇంట్లో చదువుకున్న పిల్లలతో అది ఆన్ చేయించండి. లైన్ అసలు సామర్థ్యం కంటే పైకీ కిందికీ ఓ పది శాతం తక్కువ అంకె వేయించండి. అప్పుడు క్యూ కంపెనీ గోదాములో కాక మీ డబ్బాలో, మీ అదుపులో పేరుతుంది. స్పీడ్ టెస్టులో అంకె కొంచెం తగ్గుతుంది, పిల్లలు గొణుగుతారు, గొణగనివ్వండి. కాల్ మధ్యలో ఫొటోల బ్యాకప్ ఆపేయడం ఇంకా తేలిక. ఫైబర్ వేయడానికి కుర్రాడు వచ్చినప్పుడు ఎన్ని ఎంబీపీఎస్ అని అడిగి ఊరుకోకండి. "బేటా, ఈ డబ్బాలో ఎస్‌క్యూఎం ఉందా? అప్‌లోడ్ నిండినప్పుడు పింగ్ ఎంత వస్తుంది, ఇక్కడే నా ముందు చూపించు" అనండి. వాడికి తెలియకపోతే వాడి సూపర్‌వైజర్‌కి ఫోన్ చేయించండి. సూపర్‌వైజర్‌కీ తెలియకపోతే ఆ ఫారం మీద అప్పుడే సంతకం పెట్టకండి.